పక్క తిప్పేదెవరు? పడక పుండ్ల గురించి కొంచెం వివరంగ

పక్షవాతం వచ్చిన మనిషిని హాస్పిటల్ నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జ్ కాగితంల గోలీల పేర్లు ఉంటయ్, బీపీ ఎంతుందో ఉంటది, మళ్ళ ఎప్పుడు చూపెట్టుకోవాలో కూడా ఉంటది. ఆ మనిషిని ఎన్ని గంటలకోసారి పక్కకు తిప్పాలె, ఎవరు తిప్పాలె, తిప్పేటప్పుడు ఎక్కడ పట్టుకోవాలె అన్నది మాత్రం చాలాసార్లు ఉండదు. నెల తిరిగేసరికి అదే పేషెంట్ జ్వరంతోని మళ్ళ హాస్పిటల్‌కు వస్తరు, ఈసారి పక్షవాతం కోసం కాదు, నడుము కింద పడ్డ పుండు కోసం. దీన్నే బెడ్ సోర్ అంటరు, పడక పుండు అంటరు, ఊళ్ళళ్ళ అయితే వీపు పుండు అని కూడా అంటరు.

నర్సింగ్ పుస్తకాలు చదివితే ఇందుల పెద్ద మర్మం ఏం కనిపించదు. నర్సు రోజూ చర్మం చూడాలె, నర్సు రెండు గంటలకోసారి తిప్పాలె, నర్సు చార్ట్ల రాయాలె అని ఉంటది. ఆ పుస్తకాలు ఏ లెక్కల మీద రాసినయో ఆ లెక్కలు మన వార్డులల్ల నడవవు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం టీచింగ్ హాస్పిటల్ జనరల్ వార్డుల ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, మిగతా జనరల్ హాస్పిటళ్ళల్ల ఐదుగురికి ఒక నర్సు ఉండాలె. ఉత్తర తెలంగాణల ఏ జిల్లా కేంద్రంలనైనా పెద్ద సర్కారు దవాఖాన మెడికల్ వార్డుల రాత్రి పూట ఒక్క రౌండ్ కొడితే ఆ నిబంధన కాగితం మీదిదే అని ఎవరికైనా తెలుస్తది. ఇంజెక్షన్లు, సెలైన్లు, షుగర్ టెస్టులు, కొత్త అడ్మిషన్లు అన్నీ ఒకరిద్దరు సిస్టర్లే చూసుకోవాలె. కాబట్టి పేషెంట్‌ను తిప్పేది, తుడిచేది, బట్ట మార్చేది ఎవరంటే మంచం కింద చాప వేసుకుని పండుకునే అటెండర్, అంటే పేషెంట్ భార్యో బిడ్డో కోడలో. మన దగ్గర పడక పుండు ఆపే అసలు నర్సు ఆమెనే. ఆమెకు ఎవరూ ఏం నేర్పరు, పుండు పడ్డంక మాత్రం "మంచిగ చూస్తలేదు" అని మాట పడేది కూడా ఆమెనే. పడక పుండ్ల గురించి ఏం మాట్లాడినా ఆమెకు పనికొచ్చేటట్టు మాట్లాడకపోతే ఆ మాటలు వేస్ట్.

ముందు పుండు ఎట్ల పడ్తదో చూద్దాం. చర్మం కింద సన్నటి రక్తనాళాలు ఉంటయ్, వాటి లోపల ఒత్తిడి దాదాపు 32 మిల్లీమీటర్ల పాదరసం అని పాత లెక్క, బయటినుంచి దానికన్నా ఎక్కువ బరువు పడితే ఆ నాళాలు మూసుకుపోతయ్. గట్టి పడక మీద ఎముక ఉబ్బెత్తుగ ఉన్న చోట ఒత్తిడి దీనికి రెండు మూడింతలు దాటడం మామూలే. పొలంల నీళ్ళ పైపు మీద ట్రాక్టర్ టైరు ఎక్కి ఆగితే అవతలి మడికి నీళ్ళు అందనట్టే, ఎముకకు పడకకు మధ్య నలిగిన కండకు రక్తం అందదు, గంటల కొద్దీ అట్లనే ఉంటే ఆ కండ చచ్చిపోతది. మంచిగున్న మనిషికి ఇది ఎందుకు కాదంటే నిద్రల కూడా మనం తెలియకుండనే అటు ఇటు దొర్లుతం, తిమ్మిరి పట్టంగనే కాలు జరుపుతం. పక్షవాతం వచ్చిన మనిషికి, వెన్ను దెబ్బతిన్న మనిషికి, కోమాల ఉన్న మనిషికి, తొంటి విరిగి నొప్పితోని కదలలేని ముసలామెకు ఆ దొర్లుడు ఉండదు, కొందరికి ఆ నొప్పి కూడా తెల్వదు.

ఇక్కడ జనానికి తెల్వని సంగతి ఒకటుంది. చచ్చేది ముందు చర్మం కాదు, చాలాసార్లు లోపలి కండనే ముందు చస్తది, ఎందుకంటే కండకు రక్తం ఎక్కువ కావాలె, చర్మం కొంచెం ఎక్కువ సేపు తట్టుకుంటది. అందుకే పైకి రూపాయి బిళ్ళంత నల్ల మచ్చ కనిపిస్తే లోపల అరచేయంత గుంత ఉండొచ్చు. లోపలి దెబ్బ పైకి కనిపించడానికి రెండు మూడు రోజులు పడ్తది, కాబట్టి ఇయ్యాల కనిపించిన నలుపు ఇయ్యాలటిది కాదు, మొన్న అంబులెన్స్‌లనో, క్యాజువాలిటీ స్ట్రెచర్ మీదనో, ఆపరేషన్ టేబుల్ మీదనో గంటల తరబడి ఒక్క తీరుగ పండుకోబెట్టినప్పటిది అయ్యుండొచ్చు. ఏ వార్డుల కనిపించిందో ఆ వార్డు సిస్టర్‌నే తిట్టేముందు ఇది ఆలోచించాలె.

ఒత్తిడి ఒక్కటే కాదు, ఇంకా మూడున్నయ్. పేషెంట్‌ను గుంజుడు వల్ల చర్మం ఒరుసుకుపోతది. మంచం తల వైపు లేపితే మనిషి కిందికి జారుతడు, అప్పుడు పై చర్మం చద్దరుకు అతుక్కుని అక్కడనే ఉంటది, లోపలి ఎముక మాత్రం కిందికి పోతది, మధ్యల నాళాలు మెలిపడ్తయ్, ఇది ఉత్త ఒత్తిడి కన్నా ప్రమాదం. మూడోది తడి, చెమట గానీ మూత్రం గానీ. ఏప్రిల్, మే నెలల్ల రామగుండం, మంచిర్యాల దిక్కు 45 డిగ్రీలు కొట్టే రోజులల్ల రేకుల ఇంట్ల ప్లాస్టిక్ షీట్ మీద పండుకున్న మనిషి వీపు ఎట్లుంటదో చెప్పే పని లేదు.

పుండు ఎక్కువ పడేది నడుము కింద తోక ఎముక మీద, మడమల మీద, పక్కకు పండుకోబెడితే తొంటి ఎముక మీద, కుర్చీల ఎక్కువ కూసుంటే పిర్రల కింది ఎముకల మీద. తల వెనుక, చెవులు, మోచేతులు, రెక్కల ఎముకలు కూడా లెక్కల ఉంచుకోవాలె. ఇంకొకటి, హాస్పిటల్ సామాన్లతోని పడే పుండ్లు: ఆక్సిజన్ మాస్క్ ముక్కు మీద, ఆక్సిజన్ పైపు చెవి వెనుక, మూత్రం పైపు తొడ కింద నలిగి, సిమెంట్ పట్టీ లోపల. కరోనా టైమ్‌ల బోర్లా పండుకోబెట్టిన పేషెంట్లకు నుదురు మీద, చెంపల మీద, గదుమ మీద పుండ్లు పడ్డయ్.

ఇది తలరాత అనుకునే రోజులు కూడా ఉండేవి, అదేదో మన దగ్గర మాత్రమే కాదు. పంతొమ్మిదో శతాబ్దంల పారిస్‌ల షార్కో అనే పెద్ద న్యూరాలజీ డాక్టర్, నరాలు దెబ్బతింటే పుండు దానంతట అదే పడ్తది, అది చావుకు ముందస్తు గుర్తు అని చెప్పిండు. అంత పెద్దాయన చెప్పినంక ఇంక నర్సులు ఏం చేసి ఏం లాభం అన్నట్టు అయింది. అదే కాలంల బ్రౌన్ సెకార్ అనే ఇంకో సైంటిస్ట్ జంతువుల మీద చూసి, వెన్నుపాము తెగినా సరే ఒత్తిడి లేకుండ, తడి లేకుండ చూసుకుంటే పుండు పడ్తలేదని చెప్పిండు, ఆయన మాట చానా ఏళ్ళు ఎవరూ పట్టించుకోలే. లెక్క మారింది రెండో ప్రపంచ యుద్ధంల. జర్మనీ నుంచి పారిపోయి ఇంగ్లండ్ వచ్చిన యూదు డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్, 1944ల స్టోక్ మాండవిల్ హాస్పిటల్‌ల వెన్ను విరిగిన సైనికుల కోసం వార్డు మొదలు పెట్టిండు. అంతకుముందు అట్లాంటి సైనికులు పడక పుండ్లతోని, మూత్రం ఇన్ఫెక్షన్‌తోని ఎక్కువ కాలం బతికేటోళ్ళు కాదు. ఆయన పగలు రాత్రి తేడా లేకుండ రెండు గంటలకోసారి తిప్పించిండు, ఆ పేషెంట్లు బతికిండ్రు, తర్వాత వాళ్ళతోనే ఆటలు ఆడించిండు, పారాలింపిక్స్ అక్కడినుంచే పుట్టింది. ఏ కొత్త మందూ కనిపెట్టి కాదు, పక్క తిప్పుడుతోని.

ఈ వెన్ను దెబ్బ సంగతి మన దిక్కు ఇంకో తీరుగ ఉంటది. వరంగల్, జనగామ, కరీంనగర్ జిల్లాలల్ల తాళ్ళు ఎక్కే గీత కార్మికులు మోకు జారి కింద పడితే వెన్నుపాము దెబ్బతినుడు కొత్త కాదు. 2024ల కాటమయ్య పేరుతోని సర్కారు సేఫ్టీ కిట్లు ఇయ్యడం మొదలు పెట్టింది, అది పడకుండ ఆపేటందుకు. అప్పటికే పడి నడుము కింద స్పర్శ పోయినోళ్ళు నలభై ఏళ్ళకే మంచం మీద ఉన్నరు, ఇంకో ముప్పై ఏళ్ళు బతకాల్సినోళ్ళు. వాళ్ళకు పుండు పడితే నొప్పి లేదు కాబట్టి వాసన వచ్చేదాక తెల్వదు. ఇట్లాంటి మనిషి చేతులు పనిచేస్తే కుర్చీల కూసున్నప్పుడు పావుగంటకోసారి చేతుల మీద ఆనుకుని పిర్రలు లేపుడో, ముందుకు వంగుడో నేర్చుకోవాలె, అద్దం పెట్టుకుని రోజూ తన వెనుక తానే చూసుకోవాలె. పడ్డ కొత్తల, వెన్ను ఇంకా స్థిరం కాకముందు మాత్రం ఇంటోళ్ళు సొంతంగ తిప్పొద్దు, తల మెడ నడుము ఒక్క గీత మీద ఉండేటట్టు ముగ్గురు నలుగురు కలిసి తిప్పే పద్ధతి ఉంటది, అది హాస్పిటల్‌ల ట్రైనింగ్ ఉన్నోళ్ళు చేసే పని.

ఎవరికి రిస్క్ ఎక్కువో ముందే చెప్పే లెక్క కూడా ఉంది. 1962ల ఇంగ్లండ్‌ల నార్టన్ స్కేల్ వచ్చింది, 1980లల్ల అమెరికాల బ్రేడెన్ స్కేల్ వచ్చింది, ఇప్పుడు బీఎస్సీ నర్సింగ్ పిల్లలందరూ చదివేది ఈ బ్రేడెన్‌నే. స్పర్శ, తడి, లేచి తిరుగుడు, మంచంల కదులుడు, తిండి, ఒరుసుకుపోవుడు అని ఆరు విషయాలకు మార్కులు వేస్తరు, మొత్తం 23, మార్కులు 18 లేదా అంతకు తక్కువ వస్తే రిస్క్ ఉన్నట్టు. ఎంత తక్కువ వస్తే అంత డేంజర్. స్కేల్ మంచిదే గానీ అడ్మిషన్ రోజు ఒకసారి నింపి ఫైల్‌ల పెడితే దానితోని పుండు ఆగదు, మనిషి పరిస్థితి మారినప్పుడల్లా మళ్ళ వేయాలె, మార్కులు తక్కువ వస్తే ఏదో ఒకటి చేయాలె. ఇంట్ల అయితే స్కేల్ కూడా అవసరం లేదు. తానంతట తాను పక్కకు దొర్లలేని ప్రతి మనిషికి రిస్క్ ఉంది అనుకుంటే సరిపోతది, అందుల షుగర్ ఉన్నా, రక్తం తక్కువున్నా, మరీ బక్కగున్నా ఇంకా ఎక్కువ.

చర్మం చూసుడు గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలె. మొదటి స్టేజ్ అంటే చర్మం తెగదు, ఎర్రగ అయితది, వేలుతోని ఒత్తి మూడు సెకన్లు ఆగి తీస్తే తెల్లబడకుండ ఎర్రగనే ఉంటది అని రాసి ఉంటది, పక్కన ఫోటో కూడా ఉంటది. ఆ ఫోటోల ఉన్నది తెల్ల చర్మం. ఎండల నాట్లు వేసి, కూలి చేసి నల్లబడ్డ మన తాత వీపు మీద ఎరుపు ఎక్కడ కనిపిస్తది? మన చర్మం మీద మొదటి స్టేజ్ ఎరుపు లెక్క ఉండదు, చుట్టూ ఉన్న రంగు కన్నా కొంచెం ముదురుగనో, ఊదా నలుపుగనో ఉంటది, ఒక్కోసారి రంగే మారదు. అందుకే కంటితోని కన్నా చేతితోని చూడాలె. వేళ్ళ వెనుక భాగం ఆనించి, ఆ చోటు పక్కనున్న చర్మం కన్నా వేడిగ ఉందా, చల్లగ ఉందా, గట్టిపడ్డదా, మెత్తగ బురద తీరుగ అయిందా, ఒత్తితే మనిషి మూలుగుతడా అని చూడాలె. ట్యూబ్‌లైట్ చీకట్ల కాదు, పొద్దున కిటికీ వెలుతురుల, స్నానం చేయించేటప్పుడు చూస్తే వేరే టైమ్ పెట్టుకునే పని కూడా ఉండదు. ఈ స్టేజ్‌ల దొరికితే ఆ చోటు మీద బరువు పూర్తిగ తీసేస్తే కొన్ని రోజులల్ల మళ్ళుతది. రెండో స్టేజ్‌ల పై చర్మం లేచిపోతది లేదా పొక్కు వస్తది, మూడోదాంట్ల కొవ్వు దాక గుంత పడ్తది, నాలుగోదాంట్ల కండ, ఎముక కనిపిస్తయ్. మొదటి దానికి నాలుగో దానికి మధ్య నెలలు పట్టదు, మనిషి బలహీనంగ ఉంటే కొన్ని రోజులల్లనే అయిపోతది.

ఇంకోటి, ఎర్రబడ్డ చోట నూనె పోసి గట్టిగ రుద్దొద్దు. రక్తం ఆడుతది అని మంచికే రుద్దుతరు, కానీ అప్పటికే లోపల నాళాలు దెబ్బతిని ఉంటయ్, రుద్దితే ఇంకా చిట్లుతయ్. నూనె పెట్టాలంటే మంచిగున్న చర్మానికి మెల్లగ పూయాలె, అంతే.

ఇగ తిప్పుడు. రెండు గంటలకోసారి అనేది గుట్‌మన్ కాలం నుంచి వస్తున్న మాట, దాన్ని మంత్రం లెక్క పట్టుకోవాల్సిన పని లేదు. 2013ల అమెరికా, కెనడా నర్సింగ్ హోమ్‌లల్ల చేసిన ఒక పెద్ద స్టడీల, మంచి గట్టి ఫోమ్ పరుపు మీద ఉన్నోళ్ళను రెండు, మూడు, నాలుగు గంటలకోసారి తిప్పి చూస్తే పుండ్లల్ల పెద్ద తేడా రాలే. దీనర్థం నాలుగు గంటలు వదిలేయొచ్చు అని కాదు, ఆ పరుపు వేరు, అక్కడ తిప్పిండ్రా లేదా అని చూసేటోళ్ళు వేరు, మన నవారు మంచం వేరు. కానీ ఇంట్ల ఒక్కతే ఉన్న మనిషికి ఈ స్టడీ కొంచెం ఊపిరి ఇస్తది. పగలు రెండు గంటలకోసారి, రాత్రి మంచి పరుపు ఉండి చర్మం మంచిగుంటే మూడు నాలుగు గంటలకు ఒకసారి అనుకుంటే ఆమె కూడా కొంచెం పండుకుంటది. రాత్రంతా అలారం పెట్టుకుని వారం రోజులు లేచి, ఎనిమిదో రోజు అలసిపోయి మొత్తానికే వదిలేసేకన్నా ఇది నయం. తిప్పినంక చర్మం మీద ముదురు మచ్చ అరగంటయినా పోతలేదంటే మాత్రం ఆ గ్యాప్ ఎక్కువైనట్టు, తగ్గించాలె.

గడియారం చూసుకుంట తిప్పుడు ఎవరితోని కాదు, ఇంటి పనులకు ముడి పెడితే అయితది. పొద్దున చాయ్‌కు ఎడమ పక్క, టిఫిన్ అప్పుడు కొంచెం లేపి కూసోబెట్టుడు, ఆ తర్వాత కుడి పక్క, పగటి అన్నం అయినంక మళ్ళ ఎడమ, సాయంత్రం సీరియల్ మొదలైతే కుడి, ఇట్ల. సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్ దిక్కు బీడీలు చుట్టే ఇండ్లల్ల అయితే చేసిన కట్టల లెక్కతోని టైమ్ ఎంతైందో చెప్పేటోళ్ళున్నరు, ఇన్ని కట్టలకు ఒకసారి అని పెట్టుకున్నా నడుస్తది. గోడకు ఒక క్యాలెండర్ కాగితం తగిలేసి ఎ, కు, వె అని రాసుకుంటే, అంటే ఎడమ, కుడి, వెల్లకిల, ఇంట్ల ఎవరు వచ్చినా ముందు ఏ పక్కకు ఉండెనో అడిగే పని ఉండదు.

తిప్పినప్పుడు పూర్తిగ తొంభై డిగ్రీలు పక్కకు పెడితే బరువంతా తొంటి ఎముక మీద పడ్తది. వీపు వెనుక ఒక మెత్త (దిండు) పెట్టి 30 డిగ్రీలు వంచితే చాలు, అప్పుడు బరువు పిర్ర కండ మీద పడ్తది, తోక ఎముక కింద చెయ్యి పెట్టి చూస్తే గాలి ఆడాలె. మోకాళ్ళ మధ్య ఒక మెత్త. పిక్కల కింద పొడుగ్గ ఒక మెత్త పెడితే మడమలు రెండూ పడకకు ఆనకుండ గాల్ల ఉంటయ్, మడమ పుండు ఆపేదానికి ఇంతకు మించిన సామాను లేదు. కొన్ని వార్డులల్ల గ్లౌజుల నీళ్ళు నింపి మడమ కింద పెట్టే అలవాటు ఉంది, మధ్యల బొక్క ఉన్న రింగు దిండు పిర్రల కింద పెట్టే అలవాటు కూడా ఉంది, రెండూ మానేయాలె. నీళ్ళ గ్లౌజు మడమ బరువును మోయదు, రింగు దిండు చుట్టూ ఒత్తి మధ్యల రక్తం ఇంకా తక్కువ చేస్తది. అంతర్జాతీయ గైడ్‌లైన్స్ కూడా వద్దనే చెప్తయ్.

పైకి జరపాలంటే చంకల కింద చేతులు పెట్టి గుంజుడు మన దగ్గర మామూలు. దానికన్నా భుజాల నుంచి తొడల దాక ఒక మడత చద్దరు అడ్డంగ వేసి ఉంచి, ఇద్దరు చెరో పక్క పట్టుకుని లేపి జరిపితే చర్మం ఒరుసుకోదు. ఇద్దరు కావాలె అన్న దగ్గరనే అసలు సమస్య ఉంది. అరవై కిలోల మనిషిని నలభై ఐదు కిలోల ఆమె ఒక్కతే లేపలేదు, కానీ పక్కకు దొర్లించగలుగుతది: అవతలి మోకాలు వంచి, ఆ మోకాలు మీద భుజం మీద చేతులు వేసి తన వైపు గుంజుకుంటే మనిషి దొర్లుతడు. ఇది చెప్తే రాదు, చేసి చూపియ్యాలె. డిశ్చార్జ్ రోజు సిస్టర్ పది నిమిషాలు పెట్టి ఆమెతోనే ఒకసారి చేయిస్తే ఆ పది నిమిషాలు మిగతా కాగితాలన్నిటికన్నా విలువ. వరంగల్ల కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది, కాళోజీ హెల్త్ యూనివర్సిటీ ఉంది, చుట్టుపక్కల నర్సింగ్ కాలేజీలు ఎన్నో ఉన్నయ్, ఆ స్టూడెంట్లకు వార్డు పోస్టింగ్‌ల ఇదొక పనిగ ఇస్తే వాళ్ళకు నేర్చుకున్నట్టు అయితది, ఇంటోళ్ళకు నేర్పినట్టు అయితది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌ల పది లక్షలకు పెరిగింది, మంచిదే, కానీ పక్క తిప్పుడు నేర్పేదానికి ఎవరూ ప్యాకేజీ పెట్టరు.

ముక్కు గొట్టం ఉన్న పేషెంట్ దగ్గర ఒక చిక్కుంది. పాలు, గంజి పోసేటప్పుడు తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు లేపకపోతే అది ఊపిరితిత్తులల్లకు పోయే ప్రమాదం, లేపి ఉంచితే జారి తోక ఎముక దగ్గర మెలిపడే ప్రమాదం. పోసేటప్పుడు, పోసినంక ఒక గంట సేపు లేపి ఉంచి, ఆ తర్వాత దించాలె. లేపేముందు మోకాళ్ళ కింద మెత్త పెట్టి కాళ్ళు కొంచెం వంచితే జారుడు తగ్గుతది.

పరుపుల దగ్గర జనం మస్తు డబ్బులు పెడ్తరు, డబ్బులు పెట్టినం కదా అని తిప్పుడు మానేస్తరు, అక్కడనే దెబ్బ పడ్తది. ఎయిర్ బెడ్ల అరలు ఒక వరుస ఉబ్బి, ఇంకో వరుస దిగి, కొన్ని నిమిషాలకోసారి మారుతుంటయ్. అది తిప్పుడుకు సాయం చేస్తది, తిప్పుడుకు బదులు కాదు. దాని మీద మందం బొంత పరిస్తే పనితనం పోతది, ఒక్క పలుచటి నూలు చద్దరు చాలు. గాలి సరిగ్గ ఉందా లేదా తెలుసుకోవాలంటే పరుపు కింద, పేషెంట్ పిర్రలు ఉన్న చోట అరచెయ్యి పైకి పెట్టి దూర్చాలె, చేతికి ఎముక తగిలితే గాలి చాల్తలేదు, ఒక అంగుళం మందం మధ్యల ఉండాలె. కరెంట్ పోయినా, పంపు పైపు మంచం కాలు కింద నలిగినా అది ఉత్త ప్లాస్టిక్ షీటే. వాటర్ బెడ్‌ల మనిషి మునిగిపోయి తిప్పుడు కష్టమైతది, ఎండాకాలం వీపు తడిసి ముద్దయితది. ఎయిర్ బెడ్ కొనలేనోళ్ళు నాలుగైదు అంగుళాల గట్టి ఫోమ్ పరుపు వేసి మంచిగ తిప్పుకుంటే చాలా వరకు గట్టెక్కుతరు. నులక మంచానికి గాలి ఆడ్తది గానీ మధ్యల కుంగిపోతది, మనిషి ఆ గుంతలకే జారుతడు, కింద ఒక చెక్క వేసి పైన ఫోమ్ వేయాలె.

డైపర్ గురించి ఒక్క మాట: పొద్దున వేసి రాత్రి తీసుడు, ఖర్చు అని రెండు పూటలు ఒక్కటే నడిపించుడు పుండుకు దావత్ ఇచ్చినట్టే. అంతకన్నా పాత నూలు చీర మడతలు పెట్టి తడిసినప్పుడల్లా మార్చుడు మేలు. కడిగినంక ఒత్తి తుడవాలె, రుద్దొద్దు, ఆ తర్వాత జింక్ ఆక్సైడ్ క్రీమో, వాసెలీనో పలుచగ పూస్తే తడి లోపలికి దిగదు. పౌడర్ కొడితే చెమటకు ఉండలు కట్టి అవే ఒరుసుకుంటయ్.

తిండి దగ్గర మన దిక్కు జరిగే తప్పు అన్నిటికన్నా పెద్దది. పుండు పడ్డదంటే పత్తెం పెడ్తరు. పప్పు తింటే చీము పడ్తది, గుడ్డు వేడి చేస్తది, కూర తింటే పుండు మానదు అని అన్నీ బంద్ చేసి ఉత్త చారు అన్నం పెడ్తరు, పెద్దమనుషులు చెప్పిన మాట అని ఎవరూ కాదనరు. అసలుకు జరిగేది దీనికి ఉల్టా. చీము పడేది పుండుల క్రిములు చేరితే, పప్పుతోని కాదు. కొత్త కండ పెరగాలంటే ప్రొటీన్ కావాలె, పెద్ద పుండు నుంచి రోజూ కారే నీళ్ళల్ల కూడా ప్రొటీన్ పోతుంటది. గైడ్‌లైన్స్ లెక్క ప్రకారం పుండు ఉన్న మనిషికి, లేదా పడే రిస్క్ ఉండి తిండి చాలని మనిషికి, రోజుకు కిలో బరువుకు 1.25 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్, 30 నుంచి 35 కేలరీలు కావాలె. యాభై కిలోల మనిషి అంటే 62 నుంచి 75 గ్రాముల ప్రొటీన్. మంచం మీది మనిషి రెండు పూటలు కొంచెం చారు అన్నం తింటే అందుల దాంట్ల చానా తక్కువనే వస్తది. అదే మూడు గుడ్లతోని 18, రెండు గ్లాసుల పాలతోని 12 నుంచి 13, ఒక పెద్ద గిన్నె పప్పుతోని పది పైన, ఇంత పల్లీల పొడితోని ఏడెనిమిది, పెరుగుతోని మూడు నాలుగు, అన్నంల ఉన్నది కలిపితే లెక్క 60 దాటుతది. ఇందుల కొనలేనిది ఏం లేదు, ఆపేది నమ్మకం మాత్రమే. నమలలేకపోతే పప్పు మెత్తగ రుద్ది, తైద (రాగి) అంబలిల పాలు కలిపి, ఉడికిన గుడ్డు చిదిమి పెట్టొచ్చు, ముక్కు గొట్టం ఉంటే మిక్సీ పట్టి వడగట్టి పోయొచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నోళ్ళకు మాత్రం ప్రొటీన్ లెక్క డాక్టర్‌ను అడగకుండ పెంచొద్దు, షుగర్ ఉన్నోళ్ళకు షుగర్ కంట్రోల్‌ల లేకపోతే ఎంత తిన్నా పుండు మానుడు ఆలస్యమే. మూత్రం మాటిమాటికి వస్తదని నీళ్ళు తాపకుండ ఉండే అలవాటు కూడా ఉంది, ఒళ్ళు ఎండిపోతే చర్మం ఇంకా తొందరగ తెగుతది.

పుండు పడ్డంక చేసే పనులల్ల సగం పుండును పెంచేవే. నురుగు వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి కడుగుతరు, నురుగు చూసి మురికి పోతుంది అనుకుంటరు, అది క్రిములతోని పాటు కొత్తగ పెరిగే కండను కూడా కాలుస్తది. ఎర్రగ శుభ్రంగ ఉన్న పుండుకు స్పిరిట్ వద్దు, రోజూ అయోడిన్ మందు కూడా అవసరం లేదు. నార్మల్ సెలైన్‌తోని కడిగితే చాలు. ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే యాంటీబయాటిక్ పౌడర్ గుంతల నింపుతరు, అది గట్టి పెచ్చు కట్టి కింద చీము దాచిపెడ్తది. ఆకు పసరు, పసుపు, బూడిద సంగతి సరే సరి. పుండు ఎండాలె అని గాలికి, ఎండకు పెట్టుడు కూడా పాత పద్ధతే. 1962ల జార్జ్ వింటర్ పందుల మీద చూసి, తడి ఆరకుండ కప్పిన గాయం ఎండబెట్టిన గాయం కన్నా తొందరగ మూసుకుంటదని చూపించిండు, ఇప్పటి డ్రెస్సింగ్‌లు చాలా వరకు ఆ లెక్క మీదనే తయారైతయ్. గుంత లోతుంటే సెలైన్‌తోని తడిపిన గాజ్ గుడ్డ (పలుచటి డ్రెస్సింగ్ బట్ట) వదులుగ నింపాలె, కుక్కి నింపితే మళ్ళ అదే ఒత్తిడి. నల్లటి చచ్చిన కండ ఉంటే డాక్టర్ తీసేయాలె, ఇంట్ల బ్లేడుతోని కోసుడు వద్దు. మడమ మీద నల్లగ, ఎండి, గట్టిగ అతుక్కుని, చుట్టూ వాపు చీము లేకుండ ఉన్న పెచ్చును మాత్రం సాధారణంగ కదిలియ్యరు. ఇన్ని చేసినా ఆ పుండు మీదనే మనిషిని పండుకోబెడితే ఏ డ్రెస్సింగ్ పనిచేయదు, ఇది ఎంత చిన్న మాట అనిపించినా ఎక్కువ మంది తప్పేది ఇక్కడనే.

జ్వరం, చలి వస్తే, పుండు చుట్టూ ఎరుపు వాపు పాకుతుంటే, వాసన ఒక్కసారి ఎక్కువైతే, మనిషి మత్తుగ అయితే, ఎముక కనిపిస్తే ఇంట్ల ఉంచుకునే కేసు కాదు. ఎముకకు ఇన్ఫెక్షన్ పడితే వారాల కొద్దీ యాంటీబయాటిక్స్, రక్తంల చేరితే ప్రాణం మీదికి. మూడు నాలుగు స్టేజ్‌లల్ల సర్జరీ చేసి పక్క కండ జరిపి కప్పొచ్చు, కానీ ఇంటికి పోయినంక తిప్పేటోళ్ళు లేకపోతే అది మళ్ళ తెగుతది, అందుకే సర్జన్లు ముందు ఇంట్ల ఎవరుంటరు అని అడుగుతరు.

ఆ ప్రశ్నకు జవాబు ఉత్తర తెలంగాణల చాలా ఇండ్లల్ల ఒక్కటే: కొడుకు దుబాయ్‌లనో మస్కట్‌లనో ఉంటడు, ఇంట్ల డెబ్భై ఏళ్ళ ముసలమ్మ డెబ్భై ఐదేళ్ళ ముసలాయనను చూస్తుంటది. పైసలు పంపితే ఎయిర్ బెడ్ వస్తది, తిప్పే చేతులు రావు. పక్కింటోళ్ళు పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చెయ్యి కలిపే ఏర్పాటు చేసుకుంటే బరువు సగం తగ్గుతది. ఆశా వర్కర్, ఏఎన్ఎం ఇంటికి వచ్చినప్పుడు బీపీ చూసుడే కాదు, వీపు చూడమని అడగాలె. జిల్లా హాస్పిటళ్ళల్ల పాలియేటివ్ కేర్ (ముదిరిన జబ్బులల్ల నొప్పి, బాధ తగ్గించే) సెంటర్లు ఉన్నయ్, ఆలన పేరుతోని వాళ్ళ టీమ్ బండిల ఇంటికి వచ్చి మంచం పట్టిన పేషెంట్లను చూస్తది, డ్రెస్సింగ్ చేస్తది, ఇంటోళ్ళకు నేర్పిస్తది, ఈ సంగతి తెల్వక ఆటోల పుండు మీదనే కూసోబెట్టి యాభై కిలోమీటర్లు తీసుకొచ్చేటోళ్ళు ఉన్నరు. క్యాన్సర్ ముదిరినోళ్ళకు, ఆఖరి రోజులల్ల ఉన్నోళ్ళకు ఎంత మంచిగ చూసినా కొన్ని పుండ్లు పడ్తయ్, ఒంట్ల అన్నీ ఆగిపోతున్నప్పుడు చర్మం కూడా ఆగిపోతది. అక్కడ లక్ష్యం పుండు మానుడు కాదు, నొప్పి, వాసన తగ్గించుడు. గంటల లెక్క పక్కన పెట్టి మనిషికి ఏ పక్క హాయిగ ఉంటే ఆ పక్కనే ఎక్కువ ఉంచొచ్చు, డ్రెస్సింగ్ మార్చే అరగంట ముందు నొప్పి గోలీ ఇయ్యొచ్చు, వాసనకు ఏం వాడాలో ఆ టీమ్ సిస్టర్‌నే అడగొచ్చు.